జీవో 3 పోయిననాడు ఎక్కడున్నరు?



గ్రూపులో మళ్లీ అదే లొల్లి. లంబాడోళ్లను ఎస్టీ లిస్టులకెళ్లి తీసెయ్యాలని కొందరు, దానికి మా తండా పోరగాళ్ల బూతులు. రామారెడ్డి తండాల నుంచి వచ్చి హాస్టళ్లల్ల చదువుతున్న మేం ఈ రెండింటినీ ఒప్పుకోం.

గోండు అన్నల భయం ఉత్తదేం కాదు. తెలంగాణలో మేం లిస్టులకొచ్చింది 1976 చట్టంతోని. కొలువులు, భూములు ముందు నుంచీ ఉన్నోళ్లకు దక్కలేదన్న బాధే 2017 డిసెంబర్‌ల ఉట్నూరు కొట్లాటల దాకా పోయింది.

అట్లని మమ్మల్ని తీసేస్తే ఏజెన్సీ టీచరు కొలువులు వాళ్లకు తిరిగొస్తయా? ఆ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న జీవో 3ను 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. గోండుకూ పోయింది, కోయకూ పోయింది, లంబాడకూ పోయింది. దాని మీద ఈ గ్రూపులో ఎన్ని పోస్టులు పెట్టిండ్రు? లెక్కపెట్టుండ్రి.

వాళ్లది ‘మావ నాటే మావ రాజ్’. మాది ‘మా తండాలో మా రాజ్యం’. భాషలే వేరు. 2018 చట్టంతోని తండాలు పంచాయతీలైనయ్, 2019 జనవరిల సర్పంచులొచ్చిండ్రు, మంచిదే. కానీ కామారెడ్డి షెడ్యూల్డ్ ఏరియా కాదు, పెసా మాకు వర్తించదు. బోర్డు మారింది, అడవి మీద మాట ఇంకా ఫారెస్టోళ్లదే. పెసా ఉన్న గూడేలోళ్లను అడగండి, వాళ్లదీ ఇదే గోస.

కోటా ఎట్ల పంచుకోవాలె, ఏజెన్సీల ముందు హక్కు ఎవరిది? కూసొని మాట్లాడుదాం, వర్గీకరణైనా సరే. లిస్టులకెళ్లి తీసుడు మాత్రం కుదరదు. తమ్ముళ్లూ, మీ బూతు పోస్టులు ఈ రాత్రికే డిలీట్ చెయ్యండి.