ఓరుగల్లు ఆడపడుచులు - బస్తరు రాజులు

వంశావళి అనగానే మనలో చాలామందికి విసుగు. పేర్ల వెంట పేర్లు వస్తుంటే బైబిలులో కూడా ఆ అధ్యాయాన్ని గబగబా దాటేస్తాం. కాని ప్రతి వంశావళి వెనుకా ఒక ప్రశ్న ఉంటుంది. ఎవరి పేరు రాశారు? ఎవరి పేరు వదిలేశారు? ఈ నెల ఈ ప్రశ్నను పట్టుకొని, మన అడవి సరిహద్దుకు అటూ ఇటూ పేరు నిలుపుకొన్న ఒక రాజకుటుంబం కథ చెప్పుకొందాం. ఆ కుటుంబం కాకతీయులది.

చెరువు గట్టు మీది శాసనం

కాకతీయుల పూర్వీకులు ఎవరో చరిత్రకారులకు చాలాకాలం స్పష్టంగా తెలియలేదు. తెలిపిన శాసనాల్లో ముఖ్యమైనది మన దగ్గరిదే. అది బయ్యారం చెరువు శాసనం. బయ్యారం ఒకప్పుడు ఖమ్మం జిల్లాలోది, 2016 నుంచి మహబూబాబాద్ జిల్లాలో ఉంది. ఈ శాసనం వేయించింది రాజు కాదు, రాజు చెల్లెలు కుటుంబ చరిత్రను రాతి మీదికి ఎక్కించింది. ఆమె గణపతిదేవుని సోదరి మైలాంబ. 13వ శతాబ్దంలో చెరువు తవ్వించి, దానికి ధర్మకీర్తి సముద్రమని పేరు పెట్టి, పుట్టింటివారి పేర్లన్నీ వరుసగా చెక్కించింది.

ఆ వరుస వెన్నడనే పూర్వీకునితో మొదలవుతుంది. అతడు కాకతి అనే ఊరిలో ఉండి ఏలినందువల్ల ఆ వంశానికి ఆ పేరు వచ్చిందట. తర్వాత ముగ్గురు గుండరాజులు, ఎఱ్ఱడు, పిండిగుండడు, బేతరాజు, ప్రోలరాజు... ఇలా మహాదేవుడి వరకు, గణపతిదేవుడి వరకు వస్తుంది. ఈ పేర్లు ఆమె కల్పించినవి కావనడానికి మరో ఆధారం దొరికింది. తూర్పు చాళుక్య రాజు దానార్ణవుడు 956లో ఇచ్చిన మాగల్లు తామ్రశాసనంలో కాకర్త్య గుండ్యన అనే సేనాని, అతని పెద్దల పేర్లు కనిపిస్తాయి. మెట్టినింటికి వెళ్ళిన ఆడపడుచు చెక్కించిన పేర్లు, అంతకు రెండు వందల ఏళ్ళకు పైగా ముందటి రాగిరేకులోని పేర్లతో కలిశాయి.

కొడుకులు లేని రాజు

గణపతిదేవునికి కొడుకులు లేరు. ఆయన తర్వాత సింహాసనం ఎక్కింది కుమార్తె రుద్రమదేవి. ఆమె 1262 నుంచి 1289 వరకు పాలించింది. స్త్రీ పాలనను సామంతులు సులభంగా ఒప్పుకోరు గనుక కొన్ని శాసనాల్లో ఆమెను మగపేరుతోనే, రుద్రదేవ మహారాజుగా రాశారు. భర్త వీరభద్రుడు నిడదవోలు చాళుక్యుడు. అంటే తండ్రి వైపు నుంచి లెక్కిస్తే రుద్రమ పిల్లలు చాళుక్యులే అవుతారు! ఆమెకూ కొడుకులు లేరు. కూతురు ముమ్మడమ్మ కన్న బిడ్డను దత్తత తీసుకొంది. ఆ బిడ్డే ప్రతాపరుద్రుడు.

మగసంతానాన్ని మాత్రమే లెక్కించే పట్టీలో ప్రతాపరుద్రునికి చోటు దొరకడం కష్టమే. గణపతిదేవుని తర్వాత వంశం పేరు ఇద్దరు స్త్రీల మీదుగా అతనికి చేరింది. అయినా కాకతీయుడు అనగానే మన పిల్లలు మొదట చెప్పేది అతని పేరే.

1323లో ఉలుగ్ ఖాన్ ఓరుగల్లు కోటను పట్టుకొన్నాడు. బందీగా ఢిల్లీకి తీసుకుపోతుండగా దారిలో నర్మదా తీరాన ప్రతాపరుద్రుడు మరణించాడని విలస తామ్రశాసనం చెబుతుంది.

గోదావరికి ఆవల

ఇక్కడితో వంశం ఆగిపోలేదని చెప్పే కథ గోదావరి ఆవలి అడవుల్లో ఉంది. ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమదేవుడు కోట పడిన తర్వాత ఈశాన్యంగా అడవుల్లోకి వెళ్ళి, బస్తరులో రాజ్యం స్థాపించాడని ఆ కథ. ఈనాడు భద్రాచలం నుంచి చింతూరు, కుంట, సుక్మా మీదుగా జగదల్‌పూర్‌కు పోయే రోడ్డు చుట్టూ ఉన్నవి ఆ అడవులే. దంతేశ్వరి దేవత అతని వెంట నడిచిందని, అందెల చప్పుడు ఆగేసరికి అతడు వెనుదిరిగి చూడగా ఆమె అక్కడే నిలిచిపోయిందని అక్కడివారు చెప్పుకొంటారు. శంఖిని, డంకిని అనే రెండు ఏరులు కలిసే చోట దంతెవాడలో ఆ దేవాలయం ఉంది.

ఈ కథకు రాతి ఆధారం దంతెవాడలోనే ఉంది. బస్తరు రాజు దిక్పాలదేవుని కాలంలో, 1703లో వేసిన శాసనమది. సంస్కృతంలోను, జనం భాషలోను చెక్కారు. తమ పెద్దలు పాండవ అర్జునుని సంతానమని, హస్తినాపురం విడిచి ఓరుగల్లుకు రాజులయ్యారని, ఆ వంశపు అన్నమరాజు బస్తరుకు వచ్చాడని అందులో ఉంది.

దీన్ని ఎంతవరకు నమ్మాలి? పాఠకులే చిన్న లెక్క వేసి చూడవచ్చు. 1323 నుంచి 1703 వరకు 380 ఏళ్ళు. తరానికి ఇరవై అయిదు ముప్పై ఏళ్ళు వేసుకొంటే పన్నెండు నుంచి పదిహేను తరాల పేర్లుండాలి. శాసనంలో అన్ని లేవు. మధ్యలో కొన్ని పేర్లు జారిపోయి ఉండాలి, లేదా వరుస తర్వాత కూర్చినదై ఉండాలి. అర్జునుని సంతానమన్న మాట కూడా అటువంటిదే. కాకతీయుల నాటి శాసనాలు కొన్ని వారిని చతుర్థ కులంవారని మామూలుగానే చెప్పాయి, మరికొన్ని సూర్యవంశమన్నాయి. బస్తరుకు వచ్చేసరికి అది చంద్రవంశమైంది. గద్దె ఎక్కినవారికి పెద్ద పూర్వీకుడు అవసరమవుతాడు. అయితే ప్రతాపరుద్రునికి అన్నమదేవుడనే సోదరుడు ఉన్నాడన్న మాట తెలుగునాటి కథల్లోనూ ఉంది. కనుక బస్తరు వంశానికి మూలపురుషుడు తెలుగు నేల నుంచి వెళ్ళిన యోధుడే కావచ్చునని చరిత్రకారులు కొందరు ఒప్పుకొంటారు.

ఆ వంశం బస్తరులో 20వ శతాబ్దం దాకా వచ్చింది. 1921లో రాజు రుద్రప్రతాప్ దేవ్ మరణించాడు. ఆయనకు కొడుకులు లేరు. మళ్ళీ కూతురే గద్దె ఎక్కింది. ఆమె ప్రఫుల్ల కుమారీ దేవి. ఒరిస్సాలోని మయూర్‌భంజ్ రాజకుటుంబానికి చెందిన ప్రఫుల్ల చంద్ర భంజ్ దేవ్‌ను పెళ్ళాడింది. 1936లో లండనులో మరణించింది. ఏడేళ్ళ కొడుకు ప్రవీర్ చంద్ర భంజ్ దేవ్ రాజయ్యాడు. ఇంటిపేరు తండ్రిది, రాజ్యం తల్లిది. 1948లో బస్తరు భారతదేశంలో కలిసింది. ప్రవీర్ చంద్ర ఎన్నికల్లో గెలిచి శాసనసభకు వెళ్ళాడు, ఆదివాసుల పక్షాన ప్రభుత్వంతో తలపడ్డాడు. 1966 మార్చి 25న జగదల్‌పూర్ రాజభవనంలో పోలీసు కాల్పుల్లో మరణించాడు. ఆయనతోపాటు ఆదివాసులూ ప్రాణాలు కోల్పోయారు.

2022 జూలైలో వరంగల్లులో కాకతీయ ఉత్సవాలు జరిపినప్పుడు ఈ కుటుంబం వారసుడు కమల్ చంద్ర భంజ్ దేవ్‌ను తెలంగాణ ప్రభుత్వం ఆహ్వానించింది. ఓరుగల్లు పడిన ఏడు వందల ఏళ్ళకు కాకతీయ వారసుడు వచ్చాడని జనం సంతోషించారు. ఆ వారసత్వం ప్రఫుల్ల కుమారి మీదుగా వచ్చిందన్న సంగతి ఎంతమందికి గుర్తుకు వచ్చిందో!

రష్యాలోనూ ఇదే కథ

ఇది మన దేశపు వింత మాత్రమే కాదు. రష్యాను 1613 నుంచి ఏలిన రొమనోవ్ వంశం సంగతి చూడండి. అక్కడి దొరలు వంశం కోసం ప్రాణం పెట్టేవారు. ఎవరి తాత ఎవరి తాతకన్న పెద్ద కొలువు చేశాడో పుస్తకాలు తీసి, దాన్నిబట్టి నేడు ఎవరు ఎవరికంటె పైన కూర్చోవాలో తేల్చేవారు. ఈ తగవులు పడలేక 1682లో ఆ పద్ధతినే రద్దు చేసి, ఆ పుస్తకాలను కాల్చివేశారు. తర్వాత గొప్ప కుటుంబాల వంశావళులతో ఒక కొత్త గ్రంథం కూర్చారు. దాని మఖమల్ అట్టనుబట్టి మఖమల్ పుస్తకమన్న పేరే నిలిచింది.

ఇంత పట్టింపు ఉన్న దేశంలో రాజుగారి వంశానికే మగసంతానం తెగిపోయింది. 1730లో రెండవ పీటరు మరణంతో రొమనోవ్ మగవారి వరుస ముగిసింది. 1762లో రాణి ఎలిజబెత్ పోయాక ఆమె అక్క ఆన్నా కొడుకును గద్దె ఎక్కించారు. అతడే మూడవ పీటరు. అతని తండ్రి జర్మను ప్రభువు. తండ్రి వైపు చూస్తే అతని వంశం పేరు వేరు. అయినా 1917లో రాచరికం పోయేదాకా ఆ కుటుంబం రొమనోవ్ పేరుతోనే ఏలింది. ఓరుగల్లు, బస్తరు, పీటర్స్‌బర్గ్ - మూడు చోట్లా వంశం పేరు నిలిచింది ఆడపిల్లల వల్లనే.

అడవి గుర్తుపెట్టుకొన్నది

రాజులకు శాసనాలు ఉన్నాయి. కోయవారికి పాట ఉంది. అదే కాకతీయ వంశం కోయల కథల్లో కప్పం కోసం దండెత్తి వచ్చిన వంశంగా నిలిచింది. కరువులో కప్పం కట్టలేమన్నందుకు జరిగిన యుద్ధంలో సమ్మక్క, సారలమ్మ పోరాడి ప్రాణాలిచ్చారని ఆ కథ. భర్త పగిడిద్దరాజు, కొడుకు జంపన్న కూడా ఆ యుద్ధంలో ఉన్నారు. అయినా మేడారంలో రెండేళ్ళకొకసారి జాతర జరిగేది తల్లీకూతుళ్ళ పేరు మీదనే.

కోయల ఇంటిపేర్లు, గట్లు, వేల్పుల కథలు కాగితం మీద కాక డోలు కళాకారుల నోట నిలిచాయి. వారు పడిగె అనే బొమ్మల గుడ్డను ఎత్తి, ఏ గట్టు ఎక్కడి నుంచి వచ్చిందో పాడతారు. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య ఆ విద్యలో పేరు పొందినవారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2024లో కన్నుమూశారు. అటువంటి పెద్ద ఒకరు పోతే కొన్ని కుటుంబాల వంశావళి మొత్తం ఆయనతోపాటే పోతుంది. కనుక వినేవారు ఉండగానే విని రాసుకోవాలి.

మన ఇంటి మాట

ఇక మన ఇళ్ళ సంగతి. తండ్రి చనిపోయాక ఆస్తి వ్యవహారానికి వంశవృక్షం రాసి తహశీల్దారు కార్యాలయంలో ఇస్తాం. అందులో కొడుకుల పేర్లు తప్పకుండా ఉంటాయి. పెళ్ళై వెళ్ళిన కూతురి పేరు కొన్ని ఇళ్ళలో ఉండదు. 'దానికి ఇవ్వవలసింది పెళ్ళినాడే ఇచ్చేశాం గదా' అంటారు. కాగితం మీద పేరు లేకపోతే హక్కు కోసం ఆమె ఏళ్ళ తరబడి కోర్టు చుట్టూ తిరగవలసి వస్తుంది.

చట్టం మాత్రం ముందుకు నడిచింది. 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తించే క్రైస్తవ కుటుంబాల్లో, వీలునామా లేకపోతే కొడుకు కూతురు సమాన భాగస్థులు. హిందూ ఉమ్మడి ఆస్తిలో కూతురికి సమాన హక్కును మన ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టంగా తెచ్చింది. 2005లో దేశమంతటికీ అది వచ్చింది. ఆదివాసీ కుటుంబాలకు ఈ చట్టాలు నేరుగా వర్తించవు. కాని ఛత్తీస్‌గఢ్‌కు చెందిన ఒక గోండు కుటుంబం కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు, స్త్రీ అన్న కారణంతో తాత ఆస్తిలో వాటా కాదనడం సమానత్వానికి విరుద్ధమని తీర్పు చెప్పింది. ఆ కుటుంబం పొలం తగవు తీరడానికి ఆడబిడ్డ సంతానం ఢిల్లీ దాకా వెళ్ళవలసి వచ్చింది.

అందుకే పాఠకులకు ఒక చిన్న పని చెబుతున్నాం. చాలా ఇళ్ళలో కుటుంబ బైబిలు మొదటి పేజీల్లో పుట్టినరోజులు, పెళ్ళిళ్ళు రాసుకొనే చోటు ఉంటుంది. అది లేకపోతే ఒక నోటుపుస్తకం చాలు. ఈ సెలవుల్లో పిల్లలను కూర్చోబెట్టి, అమ్మమ్మను, నాయనమ్మను అడిగి రాయించండి. 'ఫలానావారి భార్య' అని రాయకండి. ఆమె సొంత పేరు, పుట్టింటి పేరు, పుట్టిన ఊరు రాయండి. కూతుళ్ళను, వారి పిల్లలను కూడా రాయండి. గొప్ప కోసం లేని తాతను చేర్చకండి, సిగ్గుపడి ఉన్న అత్తను తీసేయకండి. మత్తయి సువార్త మొదట్లోని వంశావళిలో తామారు, రాహాబు, రూతు మొదలైన స్త్రీల పేర్లు ఎందుకున్నాయో పిల్లలు అడిగితే చెప్పడానికి అదే మంచి సమయం.

మైలాంబ చెరువు తవ్వించి ఊరుకొంటే ఆ నీళ్ళు మాత్రమే మిగిలేవి. పుట్టింటి పేర్లు కూడా చెక్కించింది కనుకనే ఈనాడు కాకతీయుల పూర్వీకుల పేర్లు మనకు తెలుసు.