కెమెరా మన గడపకే కాపలా కాయాలి

ఆరుబయట గోడకు బిగిస్తే, చీకట్లో మనిషి కదలగానే దీపం వెలిగి బొమ్మ తీసే ఫ్లడ్‌లైటు కెమెరాలు ఇప్పుడు పల్లెలకూ వస్తున్నాయి. పిల్లలు దూరాభారాన ఉండి, ముసలివాళ్లు ఒంటరిగా గడుపుతున్న ఇళ్లు ఎన్నో. వాకిట్లో ధాన్యం బస్తాలు, కొట్టంలో గొడ్లు, పెరట్లో మోటారు ఉన్నవారికి దొంగల భయం ఉండనే ఉంది. కనుక కెమెరా పెట్టుకోవడాన్ని ఎవరూ తప్పుపట్టరు. అది ఎటు చూస్తున్నదన్నదే ప్రశ్న.

మన ఊళ్లలో ఇళ్లు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. పైకప్పు లేని స్నానాల దడులు ఇంకా ఉన్నాయి. ఎండాకాలం ఆడవాళ్లు, పిల్లలు ఆరుబయటే మంచాలు వేసుకుంటారు. మన కెమెరా పక్కవారి పెరట్లోకి చూస్తే, అది వారికి దొంగ బెడదకన్నా పెద్ద బెడద. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు 2017లో తీర్పు చెప్పింది. ఎవరూ చూడరన్న నమ్మకంతో స్నానం చేస్తున్న స్త్రీని చాటుగా చూసినా, చిత్రం తీసినా 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం. మొదటిసారికే ఏడాదికి తగ్గకుండా మూడేళ్ల వరకు జైలు, జరిమానా పడతాయి.

కెమెరాను మన వాకిలికే పరిమితం చేయడం మనకూ మేలే. ఒంటి వేడి కదలికను పసిగట్టి వెలిగే దీపాన్ని వీధివైపు తిప్పితే, కుక్క వచ్చినా గేదె కదిలినా వెలుగుతుంది. నాలుగు రోజులకే విసుగెత్తి ఇంటివారే ఆర్పేస్తారు. ఎనిమిది, పది అడుగుల ఎత్తున, కొంచెం కిందికి వంచి బిగిస్తే చేతికి అందదు, ముఖమూ కనిపిస్తుంది. మనిషి ఎదురుగా వచ్చేటప్పటికన్నా అడ్డంగా దాటేటప్పుడు అది బాగా పసిగడుతుంది.

వాన తట్టుకునే రకమే కొనాలి. మెయిన్ కట్టేసి, తెలిసిన ఎలక్ట్రీషియన్ చేతనే వైరు వేయించాలి. బిగించిన వ్యక్తి వెళ్లగానే పాస్‌వర్డు మార్చుకోవాలి. లేకుంటే మన ఇల్లు ఇంకొకరి ఫోనులో కనిపించవచ్చు. కరెంటు పోతే కెమెరాకు చూపు పోతుంది కనుక ఇన్వర్టరుకు కలపడం మంచిది. మెమరీ కార్డు నిండితే పాత దృశ్యాలు చెరిగిపోతాయి. దొంగతనం జరిగిన రోజే వాటిని భద్రపరచి పోలీసులకు తెలపాలి.

అన్నిటికన్నా ముందు ఇరుగుపొరుగును పిలిచి, కెమెరాలో ఏది కనిపిస్తున్నదో చూపించాలి. వారు అభ్యంతరం చెబితే తిప్పుకోవాలి. ఊరి మొగలో అందరికీ పనికివచ్చే కెమెరా గురించి గ్రామసభలో చర్చించుకోవచ్చు.

కెమెరా దొంగను చూపగలదే గాని పట్టుకోలేదు. అర్ధరాత్రి కేక వేస్తే కర్ర పట్టుకుని పరుగెత్తుకు వచ్చేది పక్కింటివారే. వారి మనసు నొప్పించి తెచ్చుకునే భద్రత భద్రత కాదు.