మంచు కరిగితే వెలుతురు పెరుగుతుందా?

ఆర్కిటిక్‌లో మంచు కరిగితే సముద్రంలోకి ఎండ ఎక్కువ దిగుతుంది, నాచు బాగా పెరుగుతుంది... లాజిక్ కరెక్టే అనిపిస్తుంది కదా? నేనూ అలాగే అనుకున్నా. కానీ అది సగమే నిజం.

నార్వేకి చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో కాంగ్స్‌ఫియోర్డెన్ అనే సముద్రపు పాయ ఉంది. అక్కడి కెల్ప్‌ని, అంటే నీటి అడుగున అడవిలా పెరిగే పెద్ద నాచుని 1996-98లో కొలిచారు. 2012-14లో మళ్లీ కొలిచారు. లోతు తక్కువున్న చోట బాగా పెరిగింది. కింద మాత్రం దాని హద్దు పైకి జరిగింది. పైన రాళ్లను గీకేసే మంచు తగ్గింది, కింద వెలుతురు తగ్గింది. హిమానీనదాలు కరిగితే వచ్చేది బురద నీరు మరి! ల్యాబ్‌లో మనం బట్టీ పట్టిన బీర్-లాంబర్ట్ సూత్రమే ఇది. నీరు మురికైతే లోతుకు వెళ్లేకొద్దీ వెలుతురు చాలా వేగంగా పడిపోతుంది.

మంచు తగ్గిందని శాటిలైట్ చెబుతుంది. అడుగున వెలుతురు ఎంతుందో చెప్పాలంటే అక్కడ సెన్సర్ ఉండాలి. అది చలికి, ఉప్పుకి తట్టుకోవాలి. డేటాలో తప్పులు ఏరాలి. ఇదంతా ఇంజినీర్ల పనే.

ఇదే పాయలో 2014లో మన దేశం ‘ఇండార్క్’ అనే పరిశీలన వ్యవస్థని నీళ్లలోకి దించింది. చెన్నై ఎన్‌ఐఓటీ, గోవాలోని ధ్రువ పరిశోధన కేంద్రంతో పాటు మన హైదరాబాద్ ఇన్‌కాయిస్‌కీ అందులో భాగం ఉంది. ఐటీలో ఉన్నన్ని పోస్టులు ఇక్కడ ఉండవు, ఒప్పుకుంటా. అయినా వీటి నోటిఫికేషన్లు కూడా చూస్తుండండి. వాతావరణ మార్పు బయాలజీ వాళ్ల సబ్జెక్టని మనం వదిలేస్తే, కొలవకుండా వేసిన అంచనాలే మిగులుతాయి.