దారి వెతకడమే అసలు పందెం

కొండల మీద పరుగు పందేలు పెట్టేవాళ్ళు ఒక్క విషయం ముందే తేల్చి చెప్పాలి. దారి వెతకాల్సింది రన్నరా, రన్నర్ చేతికున్న వాచీనా? రన్నరే అన్నది మా అభిప్రాయం. గుర్తులు పెట్టని కొండ పందెంలో జీపీఎస్ చూసుకుంటూ దారి పట్టినవాళ్ళ పేరు ఫలితాల పట్టికలో ఉండకూడదు. వాళ్ళు ఎంత మంచి రన్నర్లయినా సరే, మొదటి స్థానంలో వచ్చినా సరే.

ఈ మాట ఇప్పుడే ఎందుకంటే, పరుగు మన జిల్లాకు కొత్త కాదు, రాబోయే పరుగు మాత్రం వేరు. ఆర్డీటీ స్వచ్ఛంద సంస్థ సేవల కోసం స్పెయిన్ రన్నర్లు, మన రన్నర్లు కలిసి 24 గంటల్లో 170 కిలోమీటర్లు వంతులవారీగా పరిగెత్తే అల్ట్రా మారథాన్‌ను అనంతపురం చూసింది. అది ఊళ్ళ మీదుగా సాగే పరుగు, దారి తప్పే ప్రసక్తే లేదు. దేశంలో ట్రైల్ రన్ పేరుతో జరిగేవాటిలో కూడా ఎక్కువ భాగం చెట్లకు రిబ్బన్లు కట్టి, మలుపుల్లో బాణం గుర్తులు వేసి నడిపేవే. అక్కడ వాచీ చూసుకున్నా ఎవరి సొమ్మూ పోదు. పేచీ అంతా ఆ తర్వాతి మెట్టు దగ్గరే. చేతికొక మ్యాపిచ్చి, కొండ మీద నాలుగైదు చెక్‌పాయింట్లు పెట్టి, మధ్యలో ఎటు పోతారో మీ ఇష్టం అనే పందేలు అవి. ఇంగ్లండ్ ఉత్తరాన లేక్ డిస్ట్రిక్ట్‌లో ఫెల్ రన్నింగ్ అన్న పేరుతో వందేళ్ళకు పైగా జరుగుతున్నది ఇదే. బెంగళూరు నుంచి రెండు మూడు గంటల్లో చేరుకోగల పెనుకొండ, ఇటు రాయదుర్గం, గుత్తి కొండలు దానికి సరిగ్గా సరిపోతాయి. రేపో మాపో ఎవరో ఒకరు బ్యానర్ కడతారు.

మన కొండల సంగతి ఎరగనివాళ్ళకు ఒక మాట. ఇవి పచ్చిక కొండలు కావు. ఏనుగంత గుండ్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంటాయి. రెండు గుండ్ల మధ్య సందు కనపడుతుంది, తీరా దూరితే అవతల రెండు నిలువుల లోతు. నడుమెత్తు బోదగడ్డి కింద రాయి ఉందో గుంత ఉందో కాలు పెడితే గానీ తెలీదు. బొంతజెముడు, కంపచెట్లు అడ్డమొస్తే చుట్టు తిరిగి పోవాల్సిందే. ఉపగ్రహం ఇచ్చే లెక్కలో నాలుగైదు మీటర్ల తేడా మామూలు. నిట్రాయి గోడల పక్కన సంకేతం రాళ్ళకు తగిలి వస్తుంది కాబట్టి ఆ తేడా ఇంకా పెరుగుతుంది. మైదానంలో అయిదు మీటర్లు ఒక లెక్కా? ఇక్కడ గుండు పైన ఉండటానికీ గుండు కింద ఉండటానికీ తేడా అదే. మేకలు తోలే పిల్లవాడు మాత్రం "ఆ గుండు తట్టు పోవాకన్నా, ఎలుగొడ్లు తిరుగుతాంటాయి" అని ఒక్క ముక్కలో చెప్పగలడు. ఆ సమాచారం ఏ వాచీలోనూ రాదు.

అయినా వాచీ ఎందుకు గెలిపిస్తుందంటే, నిరుడు గెలిచినవాళ్ళు పరిగెత్తిన దారి అడుగడుగునా స్ట్రావా లాంటి యాప్‌లలో దొరుకుతుంది. దాన్ని ఫైలుగా దించుకుని వాచీలో ఎక్కిస్తే తెర మీద గీత పడుతుంది. గీత దాటితే వాచీ వణికి హెచ్చరిస్తుంది. ఇక తల ఎత్తి కొండను చూడాల్సిన పని లేదు. ఇది నిరుడు ఫస్టొచ్చిన వాడి జవాబు పత్రం ఒళ్ళో పెట్టుకుని పరీక్ష రాయడమే. ఎంత వేగంగా రాశాడన్న దానికి మార్కులు వేద్దామా?

ప్రపంచంలో ఈ తగవును ఎప్పుడో తేల్చినవాళ్ళున్నారు. అంతర్జాతీయ ఓరియెంటీరింగ్ సమాఖ్య నిబంధనల ప్రకారం నిర్వాహకులిచ్చిన మ్యాపు, చెక్‌పాయింట్ల వివరాల కాగితం, దిక్సూచి, ఇవే దారి చూపే సాధనాలు. పరుగును నమోదు చేసే వాచీ కట్టుకోవచ్చు, మ్యాపు చూపించే వాచీ పనికిరాదు. అమెరికాలోని టెనెసీ కొండల్లో జరిగే బార్‌క్లీ మారథాన్స్‌లో నియమం ఇంకా కఠినం. అయిదు చుట్లు, సుమారు వంద మైళ్ళు, 60 గంటల గడువు, జీపీఎస్ నిషిద్ధం. అడవిలో అక్కడక్కడ దాచిన పుస్తకాల్లోంచి తన నంబరు పేజీ చింపుకుని రావడమే వెళ్ళినట్టు సాక్ష్యం. 2017లో గ్యారీ రాబిన్స్ అనే కెనడా రన్నర్ ఆఖరి చుట్టులో పొగమంచులో దారి తప్పాడు. రెండు మైళ్ళు తక్కువ పరిగెత్తి, తప్పుడు దిక్కు నుంచి ముగింపు గేటు దగ్గరికొచ్చి కూలబడ్డాడు. అప్పటికి గడువు దాటి ఆరు సెకన్లు. ఆరు సెకన్ల ముందే వచ్చి ఉన్నా లెక్కలోకి వచ్చేది కాదు, ఎందుకంటే దారి అది కాదు. చేతికి జీపీఎస్ ఉంటే ఆ తప్పు జరిగేది కాదన్నది నిజమే. 2024లో బ్రిటిష్ ఫెల్ రన్నర్ జాస్మిన్ పారిస్ 99 సెకన్లు మిగిలి ఉండగా ఆ గేటు తాకి, అది పూర్తి చేసిన మొదటి మహిళ అయింది. ఆమె ఘనతకు ఇంత విలువ రావడానికి కారణం కూడా ఆ నియమమే.

ప్రాణాల మాటేమిటని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. 2021 మే 22న చైనాలోని గాన్సు రాష్ట్రంలో వంద కిలోమీటర్ల కొండ పరుగులో 21 మంది చలిగాలికి చనిపోయారు. వాళ్ళ దగ్గర ఎస్ఓఎస్ మీట ఉన్న ట్రాకర్లు ఉన్నాయి. లేనిది చలికోటు, దాన్ని తప్పనిసరి సామాన్ల జాబితాలో పెట్టలేదు. ఆరుగురిని బతికించింది ఒక గొర్రెల కాపరి, తను తలదాచుకున్న గుహలోకి తెచ్చి మంట వేసి. కాబట్టి యంత్రం ఉంటే చాలు, ప్రాణం భద్రమన్న ధీమా వద్దు. అలాగని యంత్రమే వద్దనడం లేదు. ప్రతి రన్నర్ ఎక్కడున్నాడో నిర్వాహకులకు కనిపించే ట్రాకర్ తప్పనిసరిగా ఉండాలి, దానికి తెర ఉండకూడదు. ఫోను సీలు వేసిన కవర్లో ఉండాలి. ఆపదలో సీలు చింపితే ఎవరూ తప్పు పట్టకూడదు, అక్కడితో ఆ రన్నర్ పందెం ముగిసినట్టు లెక్క. మన దగ్గర చంపేది చలి కాదు, ఎండ, దాహం. చెక్‌పాయింట్ల దగ్గర నీళ్ళు, ఓఆర్ఎస్ పెట్టకుండా జీపీఎస్ గురించి మాట్లాడే నిర్వాహకుణ్ణి నమ్మొద్దు.

మరో వాదన ఉంది. స్థానికులకు కొండ తెలుసు, బయటివాళ్ళకు తెలీదు, జీపీఎస్ ఇస్తే ఇద్దరూ సమానమవుతారని. తల్లకిందుల న్యాయం ఇది. మ్యాపు చూపించే మంచి వాచీ ఖరీదు వేలల్లోనే ఉంటుంది. వేరుశనగ చేను ఎండిపోయి వలస పోయే ఇళ్ళ పిల్లలు అది కొనగలరా? వాళ్ళకున్న ఒకే ఒక్క ఆధిక్యం కొండ తెలిసి ఉండటం. అది కాళ్ళతో సంపాదించుకున్నది. లేక్ డిస్ట్రిక్ట్‌లో 1975లో 24 గంటల లోపు 72 శిఖరాలు తిరిగిన జాస్ నేలర్ వృత్తిరీత్యా గొర్రెల కాపరి. 2024లో ఆయన పోయినప్పుడు ఆ లోకమంతా నివాళులర్పించింది. ఆ కొండలు ఆయనకు మందల వెనక తిరిగి తెలిసినవే. మన కురుబ, గొల్ల ఇళ్ళలో అలాంటి కాళ్ళు లేవని ఎవరనగలరు? బయటి రన్నర్‌కు ఆ విద్య కావాలంటే, పందేనికి ముందు వచ్చి కొండ చుట్టూ తిరిగి చూసుకోవచ్చు. ఎవరూ ఆపరు.

జీపీఎస్ వద్దన్నాక మంచి మ్యాపు ఇవ్వడం నిర్వాహకుల బాధ్యత. ఇక్కడే మన బలహీనత. భారతదేశాన్ని కొలిచిన లాంబ్టన్ 1811లో గుత్తి దగ్గర ఆధార రేఖ కొలిచాడు. అంత పాత చరిత్ర ఉన్న చోట సామాన్యుడికి వివరమైన మ్యాపు దొరకడమే చాలాకాలం గగనమైంది. 2021 ఫిబ్రవరిలో కేంద్రం నిబంధనలు సడలించాక ఆ సాకు చెల్లదు. సర్వే ఆఫ్ ఇండియా మ్యాపులను ఆధారంగా తీసుకుని, గుండ్లు, వంకలు, బావులు, గుడులు చేర్చి, ఊరివాళ్ళు పిలిచే పేర్లతో తెలుగులో అచ్చు వేయించాలి. ఆ పేర్లు చెప్పడానికి కాపరులను పిలవాలి, పిలిచినందుకు కూలి ఇవ్వాలి.

అటవీ శాఖ అనుమతి అడిగేటప్పుడే ఈ నిబంధనలు దరఖాస్తుకు జతచేయాలి. రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థ కూడా వీటిని చూశాకే తన పేరు వాడుకోనివ్వాలి. నిర్వాహకులు ఎంట్రీ ఫీజు తీసుకునే ముందు జీపీఎస్ నిబంధనను తెలుగులో, కన్నడంలో, ఇంగ్లిషులో ప్రకటించాలి. అది ప్రకటించని పందేనికి రన్నర్లు డబ్బు కట్టవద్దు.