జ్వరమొచ్చిన పురుగులూ, పట్టాలిచ్చే యూనివర్సిటీలూ

మొన్న పండక్కి ఊరెళ్ళాను. ఊరంటే వి.కోట. పూర్తిపేరు వెంకటగిరికోట, చిత్తూరు జిల్లాలో ఓ మూల. ఒకవైపు పోతే కర్ణాటక, ఇంకోవైపు పోతే తమిళనాడు. మా మేనత్త వాళ్ళు పట్టుపురుగులు మేపుతారు. నేనేమో బెంగుళూరులో కంప్యూటర్లు మేపుతాను :)

మా అత్తకి కొడుకు కొత్త ఫోన్ కొనిచ్చాడు. తెలుగులో అడిగితే తెలుగులోనే జవాబు చెప్పే యాప్ ఒకటి అందులో ఉంది. ఆవిడ దాన్ని "పురుగులు మూడో జ్వరంలో ఉండాయి, ఆకు ఎప్పుడెయ్యాల?" అని అడిగింది. విశ్రాంతి తీసుకోవాలి, నీళ్ళు బాగా తాగాలి, మూడురోజుల్లో తగ్గకపోతే డాక్టరుకి చూపించాలి అని ఫోను బుద్ధిగా చెప్పింది. "ఏందిరా నాయినా, ఇది పురుగుల్ని ఆస్పత్రికి తీసకపొమ్మంటా ఉండాదే!" అని ఇల్లంతా నవ్వులే నవ్వులు.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. పట్టుపురుగు గూడు కట్టేలోపు నాలుగుసార్లు చర్మం వదుల్తుంది. అలా వదిలేముందు మేత మానేసి కదలకుండా ఉంటుంది. మావైపు దాన్నే జ్వరం అంటారు. ఆ టైములో ఆకు వెయ్యకూడదు, పడక పొడిగా ఉంచాలి. పురుగులన్నీ జ్వరం లేచాకే మళ్ళీ మేత. ఇందులో పొరపాటు చేస్తే పురుగులు ఎగుడుదిగుడుగా పెరుగుతాయి, పంట దెబ్బతింటుంది. చివర్లో గూడు కట్టడానికి పురుగుల్ని చంద్రికల మీదకి ఎక్కిస్తారు. ఈసారి ఆ ఫోన్నే చంద్రిక అంటే ఏమిటని అడగండి, వెన్నెల గురించి వ్యాసం చెప్పినా చెప్తుంది.

నవ్వు ఆగాక నాకు కాస్త సిగ్గేసింది. తప్పు ఫోనుది కాదు. యంత్రానికి మనం రాసిపెట్టిందే తెలుస్తుంది, రాయనిది తెలియదు. మరి రాయాల్సిందెవరు?

పక్కనే కుప్పంలో ఒక యూనివర్సిటీ ఉంది కదండీ! 1997లో చట్టం చేసి పెట్టిన ద్రావిడ విశ్వవిద్యాలయం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పెడితే తమిళనాడు, కర్ణాటక, కేరళ ప్రభుత్వాలు చెయ్యి కలిపాయి. తమిళానికి తంజావూరులో 1981లో, తెలుగుకి హైదరాబాదులో 1985లో, కన్నడానికి హంపీలో 1991లో ఒక్కో యూనివర్సిటీ వచ్చింది. ఈ భాషలన్నిటినీ కలిపి చూడ్డానికి పెట్టింది కుప్పంలోది. అప్పటి ముఖ్యమంత్రి సొంత నియోజకవర్గం కాబట్టే అక్కడ పెట్టారని మావాళ్ళు ఇప్పటికీ అంటారు. అనుకోనివ్వండి. కారణం ఏదైనా చోటు మాత్రం సరైనదే. మూడు రాష్ట్రాలు కలిసేచోట, ఒకే సంతలో మూడు భాషలు వినబడేచోట భాషల మీద పరిశోధన చెయ్యకపోతే ఇంకెక్కడ చేస్తారు?

కుప్పం స్టేషన్లో పొద్దున్నే బెంగుళూరు రైలెక్కే మా దోస్తులు మాత్రం ఒప్పుకోరు. "భాషలు చదివితే కూడొస్తుందా? అదే ఇంజినీరింగ్ కాలేజీ పెట్టుంటే..." అంటారు. నేను ఒప్పుకోను. ఒక్క మాట యంత్రానికి తెలియక మా అత్తకి అందిన సలహా ఎలాంటిదో పైన చెప్పాను. సలహా నమ్మేవాళ్ళకి అది నవ్వుతో పోదు, పంటతో పోతుంది. భాషతోనే కూడు ముడిపడి ఉంది, ఇంజినీర్లమైన మనకే అది కనబడట్లేదు.

అలాగని యూనివర్సిటీలవాళ్ళనీ వదలను. మన దగ్గర పరిశోధన అంటే పట్టాల లెక్క. ఎంతమంది పీహెచ్‌డీలు, ఎన్ని సెమినార్లు, ఎన్ని శాలువాలు. దూరవిద్య పీహెచ్‌డీల గొడవలో కుప్పం యూనివర్సిటీ పేరు కూడా పేపర్లకెక్కింది. 2009లో యూజీసీ రూల్సు తెచ్చింది. దూరవిద్యలో పీహెచ్‌డీ కుదరదంది, ఒక గైడు కింద ఒకేసారి ఎనిమిదిమంది పీహెచ్‌డీ విద్యార్థులకి మించకూడదంది. ఇలాంటి రూలు రాయాల్సొచ్చిందంటేనే అర్థం చేసుకోండి, అంతకుముందు పరిస్థితి ఎలా ఉండేదో!

అవే రూల్సులో ఇంకో మంచి మాటుంది. ప్రతి సిద్ధాంత గ్రంథం సాఫ్ట్‌కాపీ ఇవ్వాలి, దాన్ని అందరికీ కనబడేట్టు నెట్లో పెట్టాలి. బాగుంది కదా అని ఒకసారి నేను మాండలికాల మీద గ్రంథాల కోసం వెతికాను. ఓ యూనివర్సిటీది దొరికింది (పేరెందుకులెండి). మూడొందల పైచిలుకు పేజీలు, అన్నీ ఫొటోలే! ఒక్క అక్షరం వెతకడానికి లేదు. ఇంకోటి అను ఫాంట్లలో టైపు చేసింది, కాపీ చేస్తే పిచ్చిగీతలు వచ్చాయి. యూనికోడ్ వచ్చి ఇన్నేళ్ళయినా ఇదీ సంగతి. రూలు ప్రకారం నెట్లో ఉన్నట్టే లెక్క. కానీ తాళం వేసిన బీరువాలో ఉన్నదానికీ దీనికీ తేడా ఏమిటో నాకర్థం కాలేదు.

ఇది చెయ్యలేని పని కాదు. ఇదివరకు చేసి చూపించినవాళ్ళున్నారు. భద్రిరాజు కృష్ణమూర్తిగారు కంప్యూటర్లు లేని రోజుల్లో జిల్లాల్లో రైతుల నోటినుంచి మాటలు సేకరింపజేసి, 1962లో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలతో తెచ్చారు. ద్రావిడ భాషల పదాలన్నిటికీ మూలాలు చూపే నిఘంటువుని ఆక్స్‌ఫర్డులో ఉన్న బరో, కాలిఫోర్నియాలో ఉన్న ఎమెనో కలిసి రాశారు. 1961లో మొదటి కూర్పు, 1984లో రెండోది. దాన్ని నెట్లో ఎవరైనా వెతుక్కునేట్టు పెట్టింది షికాగో యూనివర్సిటీ. మన అవ్వ మాటకి మూలం చూసుకోవాలంటే షికాగో తలుపు తట్టాలన్నమాట! వాళ్ళకి దండం పెట్టాల్సిందే. మనల్ని మనం ఏం చేసుకోవాలో మీరే చెప్పండి.

నేను అడిగేది గొంతెమ్మ కోరిక కాదు. కుప్పంలో ఏటా యాభైమంది భాషా విద్యార్థులు తలా పది గంటల మాట రికార్డు చేస్తే ఏడాదికి ఐదొందల గంటలవుతుంది. పట్టు రైతులు, టమాట మండీలో పాటదారులు, కోలారు, హోసూరు వైపు ఇళ్ళల్లో తెలుగు మాట్లాడే అవ్వలు. తమిళనాడులో 2006 చట్టంతో పదో తరగతి దాకా తమిళం తప్పనిసరి అయింది. హోసూరు పక్క తెలుగు పిల్లలకి ఇంట్లో మాట మిగిలినా బడిలో రాత కష్టమైంది. ఆ మాట రేపు ఎక్కడ దొరుకుతుంది? చెప్పినవాళ్ళ అనుమతితో రికార్డు చెయ్యండి, యూనికోడ్‌లో రాయండి, అర్థం చెప్పండి, ఎవరైనా వాడుకోవచ్చని పెట్టెయ్యండి. మార్కులు దానికివ్వండి.

డబ్బుల్లేవంటారు. రాష్ట్ర యూనివర్సిటీల్లో పోస్టులు ఏళ్ళ తరబడి ఖాళీగా ఉన్న మాట నిజమే, ఆ తప్పు ప్రభుత్వాలది. కానీ రికార్డు చెయ్యడానికి ప్రతి విద్యార్థి జేబులోనూ ఫోనుంది. ఉచితంగా పెడితే కంపెనీలు ఎత్తుకుపోతాయని ఇంకో భయం. పోనివ్వండి. పంచాయతీ రోడ్డు మీద కంపెనీ లారీ కూడా పోతుంది, అలాగని రోడ్డు వెయ్యడం మానేశామా? మా అత్త అగ్గిపెట్టె కొన్నా పన్ను కట్టింది. ఆ పన్నుతో నడిచే చోట పుట్టిన జ్ఞానం ఆవిడకి చేరకపోతే అది పరిశోధన కాదు, ప్రమోషన్ కాగితం.

మా తాతకి తెలిసిన మాటల్లో సగం మా నాన్నకి తెలియవు. నాన్నకి తెలిసినవాటిలో సగం నాకు తెలియవు. మా అమ్మాయి సంగతి చెప్పక్కర్లేదు, జ్వరం అంటే పారాసిటమాల్ అనే అనుకుంటుంది, ఆ ఫోన్లాగే. ఇంకో ఇరవై ఏళ్ళకి ఎన్ని కోట్లిచ్చినా రికార్డు చెయ్యడానికి మనిషి దొరకడు.

కుప్పంలో చదివినవాళ్ళు, పనిచేసేవాళ్ళు ఇది చదివితే కోపమొస్తుందని తెలుసు. తిట్టండి, పడతాను. కాకపోతే ఒక్క ఫైలు చూపించి తిట్టండి. జ్వరం, చంద్రిక ఉన్న ఫైలు, మా అత్త ఫోను చదవగలిగే ఫైలు. అది చూపిస్తే నేనే కుప్పం వచ్చి క్షమాపణ చెప్పుకుంటాను.