‘ఉప్పెన మళ్ళీ వస్తుందా?’ - పిల్లల ప్రశ్నకు జవాబు చెప్పాలి

దివిసీమలో ముసురు పట్టి గాలి జోరందుకున్న రాత్రి చిన్నపిల్లలు తల్లుల కొంగు వదలరు. ‘ఉప్పెన మళ్ళీ వస్తుందా అమ్మా?’ అని అడుగుతారు. ‘అశుభం మాట్లాడకు, పడుకో’ అనేదే చాలా ఇళ్ళలో జవాబు. ఆ కసురుకు పిల్ల నోరు మూతపడుతుందే గాని భయం పోదు.

నాగాయలంక, కోడూరు ప్రాంతాల్లో 1977 నవంబరు 19 నాటి ఉప్పెన సంగతి వినని పిల్లవాడు అరుదు. సుమారు 10 వేల మందిని పొట్టన పెట్టుకున్న ఉప్పెన అది. తాతలు చెప్పే కథలో శవాలుంటాయి, కొట్టుకుపోయిన గొడ్లుంటాయి. దానికి తోడు భూమి వేడెక్కుతోందని బడిలో పాఠం. తుపాను ఇంకా నడిసముద్రంలో ఉండగానే టీవీలో పాత దృశ్యాలు పదే పదే వస్తాయి. 2023 డిసెంబరులో మిచౌంగ్, 2025 అక్టోబరులో మొంథా వచ్చిపోయాయి. ఇన్ని చూసిన పిల్లవాడు నిద్రలో ఉలిక్కిపడితే ఆశ్చర్యమేముంది? ఇది చాలదన్నట్టు, అన్నం తినకపోతే సముద్రం వచ్చి ఎత్తుకుపోతుందని బెదిరించే తల్లులూ లేకపోలేదు. ఈ అలవాటు వెంటనే మానాలి.

అలాగని ‘ఇక తుపానులు రావులే’ అని బుకాయించడమూ తగదు. సముద్రం వేడెక్కేకొద్దీ తుపానుకు బలం చేకూరుతుందని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. మరోసారి గాలి లేచిననాడు పెద్దల అబద్ధం పిల్లలకు తెలిసిపోతుంది. నిజమే చెప్పాలి, కాని మొత్తం చెప్పాలి. 1990 మే నెలలో దాదాపు అంతటి తుపానే కృష్ణానది సముద్రంలో కలిసేచోటికి దగ్గరలో తీరం దాటింది. ముందుగా కబురందడంతో లక్షకు పైగా జనాన్ని తరలించారు. మృతుల సంఖ్య వెయ్యిలోపే ఆగింది. అదీ తక్కువేమీ కాదు. కాని ఆ తేడా ఎందుకొచ్చిందో ఏడేళ్ళ పిల్లకైనా అర్థమవుతుంది. ఉప్పెన కథ చెప్పే తాత తాను ఎలా బతికి బయటపడ్డాడో, తెల్లవారాక ఎవరు గంజి పోశారో కూడా చెప్పాలి.

తుపాను కబురు వచ్చిన రోజున పిల్లలకూ ఒక పని ఒప్పజెప్పవచ్చు. పుస్తకాలు, రేషను కార్డు ప్లాస్టిక్ సంచిలో కట్టడం, టార్చిలైటు వెలుగుతోందో లేదో చూడడం వంటివి. పనిలో ఉన్న పిల్లవాడు గాలి హోరు అంతగా పట్టించుకోడు.

పెద్దలకు మింగుడుపడని ప్రశ్న ఇంకొకటుంది. మడ అడవి అలల ఉధృతిని తగ్గిస్తుందని నేర్చుకున్న పిల్లవాడు, మరి రొయ్యల చెరువుల కోసం మడచెట్లు ఎందుకు కొట్టారని అడుగుతాడు. ‘పెద్దల సంగతులు నీకెందుకు’ అంటే కుదరదు. డబ్బు కోసం కొట్టారు, అది తప్పే అని ఒప్పుకోవచ్చు. (ఒప్పుకోవడం పెద్దలకు అలవాటు లేని పనే.) భూమి వేడెక్కడానికి బొగ్గు, పెట్రోలు మంటలే ముఖ్య కారణం. అది పిల్లలు చేసిన తప్పు కాదనీ, దాన్ని సరిచేసే బరువు వాళ్ళది కాదనీ విప్పి చెప్పాలి.

తీరగ్రామాల్లో తుపాను షెల్టర్లున్నాయి. చాలామంది పిల్లలు వాటి లోపల మొదటిసారి అడుగుపెట్టేది వాన కొట్టే చీకట్లో, ఏడుపుల మధ్యనే. ఎండ కాసే ఆదివారం ఒకటి చూసి తల్లిదండ్రులు వాళ్ళను అక్కడికి తీసుకెళ్ళి మెట్లెక్కించాలి. ఇంటి నుంచి ఎన్ని అడుగులో పిల్లలే లెక్కపెడతారు. తాళం ఎవరి దగ్గరుంటుందో కూడా ఆ రోజే తేలుతుంది. తేలని ఊళ్ళలో పంచాయతీవారిని నిలదీయవలసిందే, అదీ కార్తీకం రాకముందే.