డప్పుకు కూలి ఎంత?

ఏప్రిల్ 14 దగ్గర పడిందంటే ఊరూరా అంబేడ్కర్ సంఘాలోళ్లు పాటల ట్రూపు కోసం ఫోన్లు మొదలుపెడతరు. పాడేటాయనకు ఇంత అని ముందే మాట్లాడుకుంటరు. డప్పు కొట్టేటాయన సంగతేందంటే, "ఆయనదేముంది సారూ, మనోడే కద" అంటరు. ఆ 'మనోడే' అన్న మాట మీదనే నా కోపం. చావుకు, జాతరకు, చాటింపుకు దొర గూడా అట్లనే పిలిచిండు, కూలి లేకుంట.

2003లో నేను ఉస్మానియాల ఎం.ఏ. చదువుతున్న. మా ఇంట్ల డిగ్రీ దాటినోణ్ని నేనే మొదలు. నల్లగొండ దిక్కు నుంచి ఆరుగురు పాటగాళ్లు క్యాంపస్‌కు వచ్చిన్రు. తార్నాక చౌరస్తాల ఆటో ఆయన తోలు వాసనొస్తదని డప్పులు ఎక్కనియ్యలే. భుజాన ఏసుకొని హాస్టలు దాకా నడిచిన్రు. రాత్రి చెట్టు కింద ఎండుటాకులు మంటబెట్టి డప్పులు కాపిన్రు. కాగితే తోలు బిగుస్తది, మోత లేస్తది. సిర్ర, చిటికెన పుల్ల తోటి ఒక్క దరువు ఏసేసరికి హాస్టళ్లన్నీ లుంగీల మీదనే దిగివచ్చినయి. తువ్వాల పరిస్తే బస్సు కిరాయిలు పడ్డయి. వాళ్లు పండుకున్నది మా గదుల్లనే, కింద. ఆ ఎండకాలం సెలవులకు పోయిన పోరలు ఎవరి ఊరికి వాళ్లు ఆ ట్రూపును పిలిపించిన్రు. వాళ్లకు పేరొచ్చింది అట్లనే. కంపెనీ లేదు, పేపరుల ప్రకటన లేదు.

ఇది కొత్త తొవ్వ కాదు. 1972లో మొదలైన జననాట్యమండలి తిరిగింది గూడా ఊళ్లు పట్టుకొనే. రేడియో ఆ పాటలు ఎయ్యలే. రాత్రి విన్న పాటను తెల్లారి నాట్లేసే ఆడోళ్లు అందుకున్నరు, ఎందుకంటే బాణీ వాళ్లదే. తూప్రాన్‌ల దళిత ఇంట్ల పుట్టిన గద్దర్ 1990లో అజ్ఞాతం విడిచి నిజాం కాలేజి మైదానానికి వస్తే జనం ఇసుకేస్తే రాలలే. 2002లో కామారెడ్డిల ధూంధాం మొదలైంది. 2010 జనవరి 3న ఆర్ట్స్ కాలేజి ముందు విద్యార్థి గర్జన జరిగేనాటికి, పాట లేకుంట తెలంగాణ సభ ఉంటదని ఎవరూ అనుకోలే.

రాష్ట్రం వచ్చినంక సాంస్కృతిక సారథి పేరుతోని సుమారు 550 మంది కళాకారులకు నౌకర్లు ఇచ్చిన్రు. కడుపు నిండితే నేను తప్పుబట్ట. కాని సర్కారు పథకాల మీద పాడుమన్న గొంతు, దళితులకు ఇస్తనన్న మూడెకరాలు ఏమాయెనని అడుగుతదా?

చెన్నైల 2017ల పా. రంజిత్ పూనికతోని 'క్యాస్ట్‌లెస్ కలెక్టివ్' అని ఒక బ్యాండు లేచింది. గిటారు పక్కన పరై, అంటే మన డప్పు లాంటిదే, ఎనకకు కాదు, సమానంగ నిలబడ్డది. గానా పాటతోని ర్యాప్ కలిపిన్రు. మనదగ్గర గిటారు లేకున్నా ఆ నిలబడుడు నేర్చుకోవచ్చు.

అసలు తిప్పలు పైసలది. లీడరు దగ్గర చందా తీసుకుంటే లీడరు వచ్చేదాక పాట ఆగుతది. మొన్నామధ్య ఒక ఊళ్లె ఏడు గంటల సభ పదకొండుకు మొదలైంది. అప్పటికి పిల్లలు తల్లుల ఒళ్లల్ల నిద్రపోయిన్రు. నాయకుడు మాట్లాడి పోయిండు, జనం గూడా పోయిన్రు.

పోయినేడు మా వాడల ఇంటికి యాభై రూపాయలు ఏసుకున్నం. ట్రూపుల ఏడుగురు. పాట, డప్పు, కోరసు అనకుంట సమానంగ పంచినం, పోస్టరు మీద ఏడు పేర్లూ రాసినం. పాడేటాయన మొకం జర చిన్నబోయింది, నిజమే. అయినా ఈసారీ వస్తనన్నడు. పెద్ద డప్పాయన పైసలు లెక్కబెట్టుకొని, "కొడుకును ఇందుల పెట్ట సారూ, సదువుకోనీ" అన్నడు. నేనేదో కళ, వారసత్వం అనబోయిన.

"నీ కొడుకు కొడతడా?" అన్నడు.